జానెడు పొగడ్త

కోడలి పని ఈ-పుస్తకాలు తయారు చేయడం. అచ్చు పుస్తకాల వాళ్లు పంపిన ఫైళ్లను విప్పి, ఫోనులోనూ ట్యాబ్లెట్‌లోనూ పుస్తకాలు చదవడానికే ఉన్న రీడర్లలోనూ హాయిగా చదువుకునేలా తిరిగి కూర్చి ఇస్తుంది. వంటింటి పక్కనున్న చిన్న గదే ఆమె ఆఫీసు. కిటికీ కింద బల్ల, బల్ల మీద రెండు కంప్యూటర్ తెరలు, గోడ అరలో పాతవీ కొత్తవీ కలిపి ఓ వరస రీడర్లు. ఏ చార్జరు దేనిదో తెలియడానికి వాటికి రంగురంగుల దారాలు కట్టుకుంది. ఇంట్లో వాళ్లకు మాత్రం ఈ పని మీద పెద్ద గౌరవమేమీ లేదు. ఎవరో రాసిన పుస్తకాన్ని ఒక డబ్బాలోంచి తీసి ఇంకో డబ్బాలో పోయడమేగా అని అత్తగారి అభిప్రాయం.

ఆ అభిప్రాయం మారడానికి మామగారు ఒక పుస్తకం రాయవలసి వచ్చింది.

మామగారు పశువుల డాక్టరు. ఉద్యోగం మానేసి చాలాకాలమైనా చేతి అలవాటు మానలేదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు చెవి పట్టుకుని చూస్తారు, తర్వాతే నుదురు. తను వైద్యం చేసిన ఆవులూ గుర్రాలూ బాతులూ వగైరాల గురించి కూర్చుని ఒక పుస్తకం రాసేశారు. పెట్టె అడుగునున్న ఫొటోలన్నీ తీసి దులిపి కోడలి బల్ల మీద పోశారు.

"బొమ్మ పక్కనుంచి రాత పారాలి తల్లీ," అన్నారు. "నా చిన్నప్పటి పుస్తకాల్లో అట్లాగే ఉండేది. ఓ మూల గుర్రం నిలబడి ఉంటే దాన్ని ఒరుసుకుంటూ అక్షరాలు వెళ్లేవి. చూస్తుంటేనే కడుపు నిండేది."

"కాగితమైతే మనం పెట్టిన చోట పెట్టినట్టు ఉంటుంది మామయ్యగారూ. ఇక్కడ ఎవరి తెర ఎంతుంటే అంత, ఎవరి కళ్లకి ఎంత అక్షరం కావాలంటే అంత. ఒక్కో మెషిన్‌లో ఒక్కోలా తయారవుతుంది. బొమ్మని నడిమధ్యన ఒంటరిగా పెట్టి, రాతని పైనా కిందా పెడితే ఎక్కడా పేచీ ఉండదు."

"ఒంటరిగా ఎందుకు పెడతావు? నా రోగుల్ని నేనెప్పుడూ ఒంటరిగా వదల్లేదు."

కోడలు సరేనని ప్రతి బొమ్మనీ ఓ పక్కకి ఒత్తించి, పక్కనుంచి రాత పారేలా కూర్చింది. ఒక జంతువు కథ అయ్యాక గీత గీసి, తర్వాతి కథ పాత బొమ్మ కిందినుంచే మొదలు కావాలని ఆజ్ఞ రాసింది. అరలో ఉన్న రీడర్లన్నిటిలో వేసి చూసింది. అన్నీ బుద్ధిగా ఉన్నాయి. డాక్టరుగారు మురిసిపోయి బంధువులందరికీ పుస్తకం పంపించారు.

కొన్నాళ్లు మెచ్చుకోళ్లే వచ్చాయి. తర్వాత ఒక మధ్యాహ్నం క్లచ్ మామయ్య వచ్చాడు.

క్లచ్ మామయ్య అత్తగారి తమ్ముడు, అంటే డాక్టరుగారికి స్వయానా బావమరిది. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. రోజంతా నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని క్లచ్, క్లచ్ అని అరిచీ అరిచీ ఆ పేరు తెచ్చుకున్నాడు. కారుని గోడకి సమంగా నిలబెట్టకపోతే దిగని మనిషి, ఆ రోజు గేటుకి అడ్డంగా వదిలేసి లోపలికొచ్చాడు. చేతిలో ఒక పాత రీడరు ఉంది. ఎవరో కొత్తది కొనుక్కుని పారేయబోతుంటే ముచ్చటపడి తెచ్చుకున్నదది.

"బావా," అన్నాడు, నిలబడే. "నేను నీకేం అపకారం చేశాను?"

డాక్టరుగారు పేపరు దించారు. "ఏమైందోయ్?"

"ఏమైందో నువ్వే చదువు. వద్దులే, నేనే చదువుతాను. అక్కా, నువ్వు కూడా వినాలి. అమ్మాయ్, నువ్వు కూడా."

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కోడలు తలుపు దగ్గర నిలబడింది. క్లచ్ మామయ్య గొంతు సవరించుకుని చదివాడు.

"'వయసు చెప్పడం కష్టం. పళ్లు చూస్తే ముసలితనం, పొట్ట చూస్తే పడుచుతనం. పనంటే ఒళ్లు వంగదు. తిండి వాసన తగిలితే మాత్రం ఎంత దూరాన్నుంచైనా లేచి వస్తుంది. తోసినా కదలదు, తిట్టినా సిగ్గుపడదు. అయినా ఎందుకో నాకు దీని మీద జాలి.'"

చదవడం ఆపి రీడరుని అందరికీ కనిపించేలా తిప్పాడు. పేజీలో ఎడమ పక్క నిలువునా క్లచ్ మామయ్య ఫొటో ఉంది, కారు తలుపు మీద చెయ్యి వేసి, నవ్వుతూ. కుడి పక్క పైన అతని పరిచయం, దాని కిందే ఈ రాత ఉంది.

"లేచి 'వస్తాడు' అని కూడా కాదక్కా. 'వస్తుంది' అన్నాడు. 'దీని మీద' జాలట."

"ఏమండీ," అంది అత్తగారు. ఆ ఒక్క మాటే అంది. ఆ ఒక్క మాటకే డాక్టరుగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"అది నీ గురించి కాదోయ్, కంచరగాడిద గురించి."

"నా ఫొటో పక్కన కంచరగాడిద గురించి ఎందుకుంటుంది?"

"ఆ రోజు నువ్వు నన్ను తీసుకెళ్లింది దాని దగ్గరికే కదా. ముందు నీ గురించి రాశాను, తర్వాత దాని గురించి. ఇదిగో, నా ఫోనులో చూడు. నీ ఫొటో, పక్కన నీ సంగతి. తర్వాత గీత. గీత కింద దాని ఫొటో, పక్కన దాని సంగతి. ఎక్కడైనా తేడా ఉందా?"

క్లచ్ మామయ్య ఆ ఫోనునీ తన రీడరునీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అతని మొహంలో కోపం పోయి అంతకంటే పెద్దదేదో వచ్చింది.

"అర్థమైంది. మీ ఇంట్లో చూసుకోవడానికి ఒక పుస్తకం, నాకు పంపడానికి ఇంకో పుస్తకం."

"అయ్యో మామయ్యా, ఉన్నది ఒక్కటే," అంది కోడలు.

"నిన్ననటం లేదమ్మా. నువ్వు చెప్పింది చేసే పిల్లవి. నేను పిచ్చివాణ్ణి. ఫొటో వేశాడు కదా అని మురిసిపోయి, చదవకుండానే నా దగ్గర బండి నేర్చుకునే వాళ్లందరికీ చూపించాను. ఒకమ్మాయి మొత్తం చదివి, 'సార్, మీ పళ్లు నిజంగానే అరిగిపోయాయా' అంది. రివర్స్ గేరులో ఉండగా అంది. వెనకున్న చెత్తకుండీ మీదికి ఎక్కించేసింది."

"పళ్లు అరిగిన మాట నిజమే కదా, పోయినేడు నువ్వే చెప్పావు," అన్నారు డాక్టరుగారు. సాయం చేస్తున్నానని ఆయన అనుకున్నారు.

గొడవ ముదిరేలోగా అత్తగారు తన ట్యాబ్లెట్ తెచ్చింది. ఎవరి పుస్తకం ఎలా ఉందో తేల్చేయాలని ఆవిడ ఉద్దేశం. ఆవిడకి చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి ట్యాబ్లెట్‌లో అన్నీ గుమ్మడికాయలంత చేసి పెట్టుకుంది. తెరిచి చూస్తే తమ్ముడి ఫొటో తెరనంతా ఆక్రమించుకుని ఉంది. కుడి అంచున వేలెడు సందు మిగిలితే, ఆ సందులోంచి అక్షరాలు ఒకదాని నెత్తిన ఒకటి దిగుతున్నాయి.

"ఇ... త... ను... మా... బా... వ," అని చదివింది అత్తగారు, పేజీ తిప్పింది. "మ... రి... ది. ఏమండీ, మీ రాత ఇంతేనా? నూతిలోకి చూసి చదువుతున్నట్టుంది."

ముగ్గురూ కలిసి కోడలి వైపు తిరిగారు.

కోడలికి ఒళ్లు మండింది. నడిమధ్యన పెడతానంటే వద్దన్నది ఎవరు? మాటలతో అయ్యే పని కాదనిపించి, క్లచ్ మామయ్య చెయ్యి పట్టుకుని హాలు మధ్యకి తీసుకొచ్చింది.

"మామయ్యా, మీరు ఫొటో. ఇక్కడే నిలబడండి. అత్తయ్యా, మామయ్యగారూ, మీరిద్దరూ అక్షరాలు. ఆ గోడ నుంచి ఈ గోడకి నడవండి."

అక్షరాలు నడిచాయి. హాలు విశాలమైనది కాబట్టి బావమరిదిని చుట్టి వెళ్లడానికి ఏ ఇబ్బందీ లేకపోయింది.

"ఇది పెద్ద తెర. ఇప్పుడు ఇటు రండి." ఆమె క్లచ్ మామయ్యని వంటింటికి వెళ్లే సన్నటి నడవాలో నిలబెట్టింది. "ఇప్పుడు నడవండి."

డాక్టరుగారు భుజం పక్కకి తిప్పి, పొట్ట లోపలికి పీల్చి ఎలాగో అవతలికి చేరారు. వంటింటివైపే కదా అని అత్తగారు ఖాళీ టీ కప్పుల పళ్లెం కూడా పట్టుకుంది. ఆవిడ సగం వెళ్లి ఇరుక్కుంది. కప్పులు గలగలమన్నాయి.

"జరగరా కొంచెం."

"నేను ఫొటోని అక్కా. ఎలా జరుగుతాను?"

"ఇదే మీ ట్యాబ్లెట్," అంది కోడలు. "సందు లేనిచోట పక్కనుంచి వెళ్లమంటే అక్షరాలు ఇలాగే నలుగుతాయి. ఇలాంటి చోట ఫొటోని ఒంటరిగా ఉండనిచ్చి, రాతని దాని కిందినుంచి మొదలుపెట్టాలి. చోటున్న తెరల్లో మాత్రం చుట్టూ పారనిద్దాం. సరేనా?"

పశువుల కొట్టాల్లో ఇంతకంటే ఇరుకు చూసిన మనిషి కాబట్టి డాక్టరుగారు వెంటనే ఒప్పుకున్నారు. క్లచ్ మామయ్య మాత్రం నడవాలోంచి కదల్లేదు.

"అంటే నేను లావంటావు."

"కాదు మామయ్యా. నడవా సన్నం."

ట్యాబ్లెట్ జబ్బు ఆ సాయంత్రమే కుదిరింది. పాత రీడరుకి మాత్రం ఏ మందూ పనిచేయలేదు. తర్వాతి కథ బొమ్మ కిందినుంచే మొదలు కావాలి అని కోడలు రాసిన ఆజ్ఞని అది చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆజ్ఞని ఇంకోలా రాసింది. ఊరుకుంది. గీతని లావు చేసి అడ్డుపెట్టింది. గీత కూడా బొమ్మ పక్కకి వచ్చి కూర్చుంది, దాని వెనకే కంచరగాడిద కూడా వచ్చి కూర్చుంది. ఆ మెషిన్‌ని పుట్టించిన వాళ్లు దాన్ని ఎప్పుడో గాలికి వదిలేశారు. దానికి మంచీ చెడూ చెప్పే దిక్కు లేదు.

"కొత్త రీడరు కొనుక్కోవచ్చు కదా," అన్నారు డాక్టరుగారు.

"నీ పుస్తకం బాగుండడానికి నేను మెషిన్ మార్చుకోవాలా?"

"పోనీ ఫొటో చిన్నది చేస్తాను," అంది కోడలు. చేసి చూపించింది. క్లచ్ మామయ్య పోస్టల్ స్టాంపంత అయ్యాడు. కారు మాయమైంది. చెయ్యి దేని మీద వేశాడో తెలియకుండా పోయింది. అతను ఒప్పుకోలేదు.

"అయితే కంచరగాడిదని కొత్త పేజీలోకి నెట్టేస్తాను. అంత మాట ఈ మెషిన్ కూడా వింటుంది." నెట్టేసింది. నిజంగానే విన్నది. క్లచ్ మామయ్య తన పేజీ చూసుకున్నాడు. ఎడమ పక్క నవ్వుతున్న ఫొటో, కుడి పక్క పైన మూడు ముక్కలు. 'ఇతను మా బావమరిది. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఆ రోజు నన్ను తీసుకెళ్లింది ఇతనే.' కింద అంతా తెల్లగా, ఖాళీగా ఉంది.

అత్తగారు ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది. "తీసేయమ్మా అది. నా తమ్ముడు పోయినట్టుంది."

అప్పటికి కోడలికి అసలు రోగమేమిటో కనబడింది. ఇన్నాళ్లూ మెషిన్‌ని తిట్టుకుంది గానీ, మెషిన్ చేసిన తప్పు అంతగా లేదు. ఫొటో నిలువుగా పొడుగ్గా ఉంది. దాని పక్కన రాసినది మూడు ముక్కలు. ఆ మూడు ముక్కలూ అయిపోయాక ఫొటో పక్కన ఇంకా బోలెడు చోటుంది. ఖాళీ చోటు కనబడితే వెనకాల ఉన్నది ముందుకొస్తుంది. అన్ని ఆజ్ఞలూ పెట్టి ఆపాల్సిన అవసరం ఏముంది, ఆ చోటు నిండిపోతే కంచరగాడిద రమ్మన్నా రాలేదు.

"మామయ్యగారూ," అంది నెమ్మదిగా. "క్లచ్ మామయ్య గురించి మీరు రాసింది ఫొటోకి చాలటం లేదు. ఇంకొంచెం రాస్తే సరిపోతుంది."

క్లచ్ మామయ్య బావ వైపు చూశాడు.

"అంటే లోపం మెషిన్‌ది కాదు. నా గురించి తక్కువ రాశాడు."

"తక్కువేముంది? ఉన్నదంతా రాశాను," అన్నారు డాక్టరుగారు.

"ఏమండీ," అంది అత్తగారు.

"ఎంత రాయాలి?" అని అడిగారు డాక్టరుగారు, వెంటనే.

కోడలు బొటనవేలూ చిటికెనవేలూ చాపి తెర మీద పెట్టి కొలిచింది. అన్నిటికంటే పెద్ద తెర, అన్నిటికంటే సన్న అక్షరం. అక్కడ నిండితే ఎక్కడైనా నిండుతుంది. "జానెడు."

"జానెడు పొగడ్తా?" డాక్టరుగారు హడలిపోయారు. గుర్రానికి కూడా ఆయన బెత్తెడు మించి రాయలేదు.

మర్నాడు పొద్దున్నే బల్ల దగ్గర నాలుగు కుర్చీలు పడ్డాయి. డాక్టరుగారు చెప్పడం, కోడలు టైపు చేయడం, క్లచ్ మామయ్య అభ్యంతరం చెప్పడం, అత్తగారు తీర్పు చెప్పడం. అలా అని ఎవరూ అనుకోలేదు గానీ కాసేపటికి అలా కుదిరిపోయింది.

"'మా బావమరిది కారు తెల్లటిది,'" అని మొదలుపెట్టారు డాక్టరుగారు. "'సీట్లు మెత్తన. ఎంత గతుకుల దారిలోనైనా కుదుపు తెలియదు. లీటరుకి మంచి మైలేజీ ఇస్తుంది.'"

"అది కారుకి పొగడ్త," అన్నాడు క్లచ్ మామయ్య.

"కారు నీదే కదా."

"తీసేయమ్మా," అంది అత్తగారు.

"సరే. 'ఆ రోజు కంచరగాడిదకి కడుపునొప్పి. నోరు తెరవలేదు. ఎంత ప్రయత్నించినా మందు దిగలేదు. చివరికి అదే తెరిచింది.'"

"అదే తెరిచిందా?" క్లచ్ మామయ్య కుర్చీలోంచి లేచాడు. "నువ్వు సీసా పట్టుకుని దాని మూతి చుట్టూ తిరుగుతున్నావు. నేను కారులో కూర్చోలేక లోపలికొచ్చాను. పాపం, అది వణుకుతోంది. నా దగ్గరికి మొదటిసారి వచ్చినవాళ్లు స్టీరింగ్ పట్టుకుని అచ్చం అట్లాగే వణుకుతారు. మెడ మీద చెయ్యి వేసి, వాళ్లకి చెప్పేదే చెప్పాను. 'భయపడకు, నేను పక్కనే ఉన్నాను. ఒక్కసారిగా వదలకు. నెమ్మదిగా, నెమ్మదిగా వదులు.' దవడ వదిలింది. అప్పుడు పోశావు నువ్వు."

"అది ఎలాగూ వదిలే వేళయింది."

"నేను చెప్పాక వదిలింది."

"దానికి క్లచ్ గురించి ఏం తెలుసు?"

"నా దగ్గరికొచ్చే వాళ్లకి మాత్రం ఏం తెలుసు?"

ఇద్దరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ ఆ రోజు తమ్ముడు ఇంటికొచ్చినప్పుడు చొక్కా భుజమంతా ఎండిన నురగ ఉందని, ఎన్నిసార్లు ఉతికినా వాసన పోక ఆ చొక్కా కారు తుడవడానికి ఇచ్చేశామని చెప్పింది. దూరంగా నిలబడ్డ మనిషి భుజానికి నురగెలా అంటుతుంది? డాక్టరుగారు ఆలోచించారు. నోరు తెరవని జంతువు నురగ కక్కదని, అది తెరిచినప్పుడు బావమరిది పక్కనే ఉన్నాడని ఒప్పుకోవలసి వచ్చింది. కోడలు జరిగింది జరిగినట్టు టైపు చేసింది.

"ఇంకా నాలుగు వేళ్లు తక్కువ," అంది కొలిచి.

"ఇంకేముంది," అన్నారు డాక్టరుగారు. బల్ల మీద ఫొటో తీసుకుని చూశారు. ఫొటోలో కాదు, దాని వెనకెక్కడో చూస్తున్నట్టు అనిపించింది కోడలికి.

"ఇది రాయి తల్లీ. 'ఎన్నో ఏళ్లు ఎందరో నన్ను బండి మీద తీసుకెళ్లారు. అందరి పక్కనా కూర్చుని నేను రోడ్డు వైపే చూసేవాణ్ణి. ఇతని పక్కన కూర్చున్నప్పుడు మాత్రం రోడ్డు చూడలేదు. వెళ్లేదాకా రోగి గురించే ఆలోచించుకునేవాణ్ణి. చాలా జంతువులు బతికింది ఆ దారిలోనే.'"

టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. అభ్యంతరం ఏదీ రాలేదు. కోడలు తల తిప్పి చూస్తే క్లచ్ మామయ్య కుర్చీ ఖాళీగా ఉంది. వంటింట్లో కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. మంచినీళ్ల కోసం వెళ్లినవాడు చాలాసేపు తాగాడు.

తిరిగొచ్చి, "రోడ్డు చూడలేదన్నది నిజమే," అన్నాడు. "గురక పెట్టేవాడివి."

"కళ్లు మూసుకుని ఆలోచిస్తే గురకలాగే వినిపిస్తుంది," అన్నారు డాక్టరుగారు.

అక్కణ్ణుంచి ఆపడం కష్టమైంది. టైరు పంక్చరైతే దూడని వెనకసీట్లో పడుకోబెట్టిన సంగతి ఒకరికి గుర్తొస్తే, బాతు స్టీరింగ్ కిందికి దూరిన సంగతి ఇంకొకరికి గుర్తొచ్చింది. ఆ బాతు వల్లే ఒకసారి హారను మోగుతూనే ఊళ్లోకి వచ్చామని, పెళ్లివాళ్లనుకుని జనం బయటికొచ్చి చూశారని చెప్పి నవ్వారు. జాన దాటింది, మూరైంది. కోడలు చాలు చాలని చెప్పినా వినలేదు. చివరికి కంచరగాడిద కథ పక్క అధ్యాయంలోకి తరలిపోయింది.

పాత రీడరులో వేసి చూశారు. ఫొటో పక్కన పై అంచు నుంచి కింది అంచుదాకా క్లచ్ మామయ్యే ఉన్నాడు, తర్వాతి పేజీలో కూడా ఉన్నాడు. అందులో ఎక్కడా 'వస్తుంది' అన్న మాట లేదు. అతను ఒకటికి రెండుసార్లు వెతికి చూసుకున్నాడు.

అత్తగారు రీడరు చేతిలోకి తీసుకుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా ఓపిగ్గా తిప్పింది.

"ఇందులో ఆవులున్నాయి, గుర్రాలున్నాయి, నా తమ్ముడున్నాడు," అంది. "నాది ఒక్క ఫొటో కూడా లేదేమండీ?"

డాక్టరుగారు కోడలి వైపు చూశారు. కోడలు కంప్యూటర్ వైపు చూసింది. "దానికి కనీసం రెండు జానలు కావాలి మామయ్యగారూ," అంది. డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకుని రాయడానికి కూర్చున్నారు. ఆ పని ఇప్పటికీ నడుస్తోంది.

కొత్త పుస్తకాన్ని క్లచ్ మామయ్య ఈసారి చదివాకే అందరికీ పంచాడు. ఒక రోజు అతని నుంచి ఫోనొచ్చింది. ఒక స్నేహితుడి మెషిన్‌లో ఫొటో అసలు రావటం లేదట. ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ చదరం ఒకటి కనిపిస్తోందట, రాత మాత్రం దాన్ని చుట్టుకుని చక్కగా పారుతోందట. కోడలికి మళ్లీ కారు గేటుకి అడ్డంగా ఆగడం కళ్లముందు కనిపించింది.

"సరిచేస్తాను మామయ్యా. ఆ మెషిన్ పేరు చెప్పండి, రేపటికల్లా..."

"ఎందుకులేమ్మా," అన్నాడు క్లచ్ మామయ్య. "రాతంతా ఉంది కదా. మొహం చూడాలనుంటే ఇంటికి రమ్మన్నాను."